వాక్యం చివర మా అన్న

నా చిన్నప్పుడు పెనుకొండలో మా పక్కింటి అక్క టీచరు ట్రైనింగు చదువుతుండేది. నేను ఏది రాసినా ముందు ఆమెకే చూపించేదాన్ని. ఆమె పొగిడేదీ కాదు, తిట్టేదీ కాదు, ఊరికే పెన్సిలు చేతిలోకి తీసుకునేది. ఆ పెన్సిలంటే నాకు హడలు.

ఆ ఏడు మా ఇంట్లో నవ్వు లేదు. ధర్మవరానికి మగ్గం పనికి వెళ్ళిన మా అన్న అక్కణ్ణుంచి ఎటు పోయాడో తెలియలేదు. మా నాయన హిందూపురం, బెంగళూరు తిరిగి తిరిగి ఒట్టి చేతులతో వచ్చాడు. చనిపోయాడని చెప్పినవాళ్ళు లేరు, బతికి ఉన్నాడని చెప్పినవాళ్ళూ లేరు. మా అమ్మ మాత్రం సంగటి చేసినప్పుడల్లా అన్న వంతు ముద్ద కూడా కట్టేది. పొద్దున్నే దాన్ని తీసుకెళ్ళి ఆవుకు పెట్టేది.

బడి వార్షికోత్సవంలో 'మా ఇంటి మనుషులు' అని వ్యాసం రాసి చదవమన్నారు. మా అమ్మ కూడా వస్తానంది. నేను అన్న గురించే పేజీ నిండా రాసి, గొప్పగా కుదిరిందనుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను.

అక్క ఈసారి పెన్సిలు పట్టలేదు. ప్రతి వాక్యాన్నీ అరచేత్తో మూసి, చివరి మాట మాత్రం నాతో పైకి చదివించింది. తెచ్చేవాడు. పాడేవాడు. నవ్వించేవాడు. ఎత్తుకునేవాడు. రాసేటప్పుడు నాకు వినబడని ఏడుపు అప్పుడు వినబడింది.

"సచ్చిపోయినోళ్ళ గురించి చెప్పినట్ల రాసి మీ అన్నను నువ్వే సాగనంపేసినావు గదే పాపా," అంది అక్క. "మీ అమ్మ ఆడ కూచోని ఇంటాది. ఆయమ్మ తట్టుకుంటాదా?"

అయితే తెస్తాడు, పాడతాడు అని మార్చేస్తానన్నాను. అదీ వద్దంది.

"యాడుండాడో తెలీనోడు రోజూ పాడతాడంటే అబద్ధం గాదా? నువ్వు కండ్లారా చూసిన ఒగ దినం రాయి. అది జరిగింది. ఎవురూ లేదనలేరు."

అంతా కొట్టేసి మళ్ళీ రాశాను. కొండ దారిలో నా కాలికి ముల్లు దిగింది. మా అన్న నన్ను వీపున ఎక్కించుకున్నాడు. ఇంటిదాకా దించలేదు. బడిలో అది చదువుతుంటే మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది గానీ లేచిపోలేదు. ఇంటికి వస్తూ ఆ ముల్లు సంగతి మళ్ళీ చెప్పమంది.

మా అన్న రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి నాయన పోయాడు, అమ్మా పోయింది. అక్క నేర్పిన పద్ధతి నాతోనే ఉంది. ఈ వయసులోనూ రాసింది దిద్దుకునేటప్పుడు వాక్యాల చివరలే ముందు చదువుతాను. ఇది ఒకసారి జరిగిందా, రోజూ జరుగుతుండేదా, ఇంకా జరుగుతోందా అని ఒక్కొక్కదాన్నీ నిలదీస్తాను.

పోయిన నెల పిల్లల కోసం ఇంటి సంగతులు రాస్తూ, మా అన్న చక్కగా పాడేవాడు అని రాశాను. తట్టుకోలేని అమ్మ ఇప్పుడు లేదు కదా, ఉండనీలే అనుకున్నాను. దిద్దుతూ ఆ చివరి మాట పైకి చదివాను. నావల్ల కాలేదు. కొట్టేశాను.