మంచులో విమానం

అనంతగిరి ఘాట్‌లో మంచు కమ్మేసింది. డ్రైవర్ బస్సు ఆపి ఇంజిన్ కట్టేశాడు. కాసేపటికి పైనెక్కడో విమానం మోత వినిపించింది. నా పక్క సీట్లోని ముసలాయన ఉలిక్కిపడ్డాడు. సాలూరు మనిషి. ఒకప్పుడు యుద్ధవిమానాల స్క్వాడ్రన్‌లో మెకానిక్‌గా పనిచేశాడట.

“ఇది మా విమానం మోతే బాబూ. కానీ ఆటిని తీసేసినారు, మా స్క్వాడ్రన్నే మూసేసినారు. ఇప్పుడెక్కడా ఎగరవు,” అన్నాడు. బాంబులేసే ప్రాక్టీసుకు బయలుదేరిన వాళ్ల కుర్ర పైలట్ ఒకడు ఈ కొండల మీదే మంచులో తప్పిపోయాడని, మనిషీ విమానమూ దొరకలేదని చెప్పాడు.

ముందు సీట్లోని గిరిజన స్త్రీ వెనక్కి తిరిగింది. “మంచు పడితే సాలు, ఇలాగే తిరుగుతాది. ఎక్కడ దిగాలో తెల్దు కావాల,” అంది.

ముసలాయన గబగబా బస్సు దిగాడు. రోడ్డు మధ్య నిలబడి, దిగిన విమానానికి దారి చూపేవాళ్లలా రెండు చేతులూ పైకెత్తి తన వైపు ఊపసాగాడు. మోత దగ్గరైంది. కిటికీ అద్దాలు వణికాయి. ఆయన ఇక ఆగమన్నట్టు చేతులు రెండూ తల మీద కత్తెరలా అడ్డంగా పెట్టాడు. మోత ఆగిపోయింది.

తిరిగొచ్చి కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, “దిగినాడు బాబూ,” అన్నాడు.

ఆ తరువాత మంచులో ఆ దారిన చాలాసార్లు వెళ్లాను. బస్సు ఆగినప్పుడల్లా చెవి ఒగ్గి వింటాను. ఏమీ వినిపించదు.