గ్రౌండు చుట్టూ ఎదురు నడక

బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో, భూమి అడుగున పనిచేసి చెక్కుచెదరకుండా బయటపడ్డ మనిషిని, చెంబెడు నీళ్లకు లొంగిపోయాను. హనుమకొండలో ఆపరేషన్ చేసి కుడి తుంటిలో కొత్త కీలు పెట్టారు. కింద కూర్చోవద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు, మెత్తటి నేల మీద రోజూ నడవండి అని చెప్పి పంపించారు డాక్టరు.

భూపాలపల్లిలో మెత్తటి నేల దొరకడం ఆయన చెప్పినంత తేలిక కాదు. మెయిన్ రోడ్డు నిండా బొగ్గు లారీలు. మా వీధి సిమెంటుది, అడుగేస్తే తుంటిలో కలుక్కుమనేది. పార్కులో పరిచిన నున్నటి టైల్స్ చూస్తే మళ్లీ బాత్రూమే గుర్తొచ్చేది. చివరికి కార్మికుల క్వార్టర్ల వెనక మట్టి గ్రౌండు నాకు కుదిరింది.

ఒట్టి ఆరోగ్యం కోసమైతే అంత పట్టుదలగా వెళ్లేవాణ్ని కాదు. మాకు పిల్లలు లేరు. నా భార్య పోయాక ఇంట్లో నేనొక్కణ్నే. రఘునాథపల్లిలో ఉండే తమ్ముడే దవాఖానలో నా మంచం పక్కన ఉండి చూసుకున్నాడు. ఇంట్లో దింపేటప్పుడు పట్టుబట్టాడు.

"అన్నా, గిట్ల ఒక్కనివి ఎట్లుంటవే? ఇంటికి తాళమేసి మా దగ్గరికి రా."

"కర్ర లేకుంట నడిచిన్నాడు నీకు ఫోన్ చేస్త. నడవలేకపోతే నేనే వస్త," అన్నాను.

నా భార్య సర్దిపెట్టిన వంటింటిని వదిలి పోవడం నాకు ఇష్టం లేదు. నా నడకంతా అందుకే.

ఆ గ్రౌండులో అందరూ గుడి చుట్టూ తిరిగినట్టు కుడివైపుకే తిరుగుతారు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు. నాకేమో కుడికి మళ్లితే తుంటి పట్టేసేది, అందుకని ఎడమవైపు తిరిగేవాణ్ని. "ఏందే పెద్దమనిషీ, ఉల్టా తిరుగుతున్నవ్, పాపం తగుల్తది!" అని ఒకాయన ఆటపట్టిస్తే నవ్వాను. కొన్నాళ్లకు నవ్వు పోయింది. అందరి ముఖాలూ నాకు ఎదురొస్తాయి, పక్కన మాత్రం ఎవరూ ఉండరు. జతలుగా మాట్లాడుకుంటూ వచ్చి, నా దగ్గర మాట ఆపి, నన్ను దాటగానే మళ్లీ అందుకునేవారు. ఇంట్లో ఒంటరితనం కంటే ఇది ఎక్కువ బాధపెట్టేది.

ఎదురొచ్చేవాళ్లలో నా ఈడువాడొకాయన ఉండేవాడు, మెడలో తువ్వాలతో. ఆయనా ఒక్కడే. రోజూ తల ఊపేవాడు, నేనూ ఊపేవాణ్ని. ఒక పొద్దున కర్ర రాయి మీద జారి తూలాను.

"పైలం, అన్నా," అన్నాడాయన దాటుతూ.

అక్కడే నిలబడిపోయాను. ఆ గొంతు నాకు తెలుసు. షిఫ్టు మారేటప్పుడు, బాయిలోంచి పైకి వచ్చేవాళ్లు లోపలికి దిగేవాళ్లతో 'పైలం', జాగ్రత్త అన్న ఆ మాట అనాలి. అనకుండా దాటిపోతే కీడుగా అనుకునేవాళ్లం. దిగేవాడు జవాబు చెప్పడు, తల వంచుకుని లోపలికి నడుస్తాడు. వాళ్ల జట్టు వెనక మా జట్టు దిగేది కాబట్టి, ఏళ్ల తరబడి నాకు ఆ మాట చెప్పింది ఈ గొంతే. అయితే నేను చూసిందంతా బొగ్గు మసి పట్టిన ముఖం, అందులో రెండు కళ్లు. కడుక్కున్న ముఖంతో వస్తే పోల్చుకోలేకపోయాను.

"నువ్వు మా ముంగటి షిఫ్టోనివి గదా?" అని అరిచాను.

ఆయన వెనక్కి తిరిగాడు. "నేను మొదటినాడే గుర్తువట్టిన. నువ్వు దిగేటోనివి, నిన్ను ఎప్పుడూ కడిగిన ముఖంతోనే చూసిన్నాయె. నువ్వే మాట్లాడుతలేవని ఊకున్న."

సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. టేకుమట్ల నుంచి కోడలి కాన్పుకని కొడుకు క్వార్టరుకు వచ్చాడట. ఆయన వెంట కుడివైపు నడవబోయాను గానీ, మలుపు దగ్గరే తుంటి పట్టేసింది. ఆయన చూసి, "నడుమ గుడేమన్న ఉన్నదా? పా," అని నాతో ఎడమవైపు తిరిగాడు. బాయిలో పేలుళ్లకు ఆయన చెవులు సగం పోయాయి. నేను చెప్పేదాంట్లో సగమే వినేవాడు. ఆ సగమే నాకు పండగలా ఉండేది.

పత్తి ఏరే పనులు మొదలయ్యాక ఆయన ఊరికి వెళ్లిపోయాడు. అప్పటికి నేను కర్ర లేకుండా నడుస్తున్నాను. ఆ మర్నాడు సాయంత్రం గ్రౌండులో మళ్లీ ఒక్కణ్నే ఎడమవైపు తిరిగి, ఇంటికొచ్చి, గుమ్మం ముందు నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

"కర్ర పక్కకు పెట్టిన్రా."

"నిజంగనా! ఇప్పుడు నా మనసు నిమ్మళమైందే. ఇగ ఆడనే ఉంటవ్ గదా?"

"ఉంట."

ఇంకొక్కసారి రమ్మంటాడేమోనని ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను. రమ్మంటే ఏం చెప్పేవాణ్నో నాకే తెలియదు. అటువైపు టీవీ మోత, పిల్లల అల్లరి వినిపిస్తున్నాయి.

"సరే అన్నా, పైలం మరి," అన్నాడు.

దిగేవాడు జవాబు చెప్పడు కదా. తాళం తీసి, లైటు వేసుకుని లోపలికి వెళ్లాను.