అనసూయత్త పరదా

వరంగల్ మట్టెవాడలో మా ఎదురింటి అనసూయత్తకు ఒక్కటే పిచ్చి, పరదా. ఎక్కడ ఆడమనిషికి చాటు లేదనిపిస్తే అక్కడ చీర కట్టేస్తుంది. సంచిలో పాత చీర, తాడు, పిన్నీసులు లేనిదే కూరగాయలకు కూడా పోదు.

మేడారం జాతరలో వాగు ఒడ్డున ఆడవాళ్ల స్నానాలకని తెచ్చుకున్న చీరలన్నీ కట్టేసింది. చివరికి మార్చుకోవడానికి ఏమీ మిగలక తడి చీరతోనే వరంగల్ బస్సెక్కింది. ఆమె మొగుడు రాయమల్లు మామ దారంతా నెత్తి కొట్టుకుంటూనే ఉన్నాడట.

ఒకసారి మా గల్లీలో మేక ఈనుతుంటే పోరగాళ్లు చుట్టూ మూగారు. అత్త చీర పట్టుకుని ఉరికొచ్చింది.

"నడువుర్రి! ఏం సూస్తాన్రు? సిగ్గులేదా?"

"మేకకు పరద ఏంది అత్తా?" అన్నాను.

"వద్దని అదేమన్న చెప్పిందా నీకు?"

నిజమే, మేక ఏమీ అనలేదు.

నేను సర్కారు దవాఖానలో నర్సుని. కిందటేడు అత్త కోడలు పూజను కాన్పుకు మా దగ్గరికే తెచ్చారు. కాన్పుగదిలో తోడుండే హక్కు ఉంది కాబట్టి అత్త కూడా లోపలికొచ్చింది. గోడ మీద పెద్ద బోర్డు, "ప్రసవ సమయంలో గోప్యత గర్భిణి హక్కు." పరదా మాత్రం లేదు. తలుపు తీసినప్పుడల్లా వరండాలో మొగవాళ్లు కనిపిస్తున్నారు. నొప్పులు ముదిరాయి, పూజ బల్ల ఎక్కనంటోంది.

"అందరు సూస్తాన్రు అత్తమ్మా! నేను ఇంటికి పోత!"

ఇంకా ఆలస్యమైతే బిడ్డకు ప్రమాదం.

అత్త బోర్డు చదివింది. స్టూలెక్కి, బోర్డు దింపి కింద పెట్టింది. ఆ మేకుకు ఒక కొస, కిటికీ ఊచకు ఇంకో కొస తాడు కట్టి చీర వేలాడదీసింది. పూజ గమ్మున బల్లెక్కింది. ఆడపిల్ల పుట్టింది, గదంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

తర్వాత రౌండ్లకొచ్చిన పెద్ద డాక్టరు మండిపడ్డాడు.

"హక్కుల బోర్డు దింపిందెవరు?"

"నేనే సారు. మేకు కావల్సొచ్చింది. దాంట్ల రాసిందే ఈడ కట్టిన."

మర్నాడు డాక్టరు చీర బయటే ఆగి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగాడు.

ఇంటికి పోయేటప్పుడు చీర తీసుకుపొమ్మన్నాను.

"ఉండనియ్యి. ఇంకో పిల్ల వస్తది గదా," అంది అత్త. తర్వాత మెల్లగా, "నా కాన్పు నాడు తలుపు తెరిచే ఉండె బిడ్డా," అంది.



ఈ మధ్యే దవాఖానకు రింగులతో ఆకుపచ్చ పరదా వచ్చింది. అత్తను పిలిచి గర్వంగా చూపించాను. ఇటు లాగింది, అటు లాగింది, వంగి కిందికి చూసింది.

"జర పొట్టిగున్నది," అంటూ సంచిలోంచి పాత చీర, పిన్నీసులు తీసింది.