చింతపండుతో తోమిన రేజరు

1999 వానలు వెనకబట్టే రోజుల్లో నన్ను జనరల్ వార్డు నుంచి ఆడవాళ్ళ సర్జికల్ వార్డుకు మార్చారు. గుంటూరు జిల్లాలో, చుట్టూ పత్తి, మిరప పండే ఊళ్ళ మధ్య ఉన్న ఒక పట్టణంలో ప్రభుత్వ ఆసుపత్రి అది. నా ఉద్యోగం ఆయా. కాగితాల మీద నాల్గో తరగతి ఉద్యోగి అని రాస్తారు. మాపైన స్టాఫ్ నర్సులు, వాళ్ళపైన హెడ్ సిస్టర్. ఆపరేషన్లు చేసే డాక్టరుగారు మాకు సొంతంగా లేరు. గుంటూరు నుంచి వారానికొకసారి, గురువారం వచ్చేవారు.

కొత్త వార్డులో నాకు అదనంగా వచ్చిన పని 'ప్రిపరేషన్'. ఆపరేషన్ చేసే చోట చర్మం మీద వెంట్రుకలు తీసి శుభ్రం చేయడాన్ని అలా అనేవాళ్ళం. మగవాళ్ళకు మంగలి వచ్చేవాడు. ఆడవాళ్ళకు ఆయాలే చేయాలి. పేషెంటు పేరు చదవడం రాకపోతే ఈ పని ఇవ్వనని హెడ్ సిస్టర్ ముందే చెప్పింది. నేను అక్షరాలు నేర్చుకుని అప్పటికి ఎంతో కాలం కాలేదు. మా పేటలో పెట్టిన వయోజన విద్యా కేంద్రానికి మా మనవరాలి పలక పట్టుకుపోయి నేర్చుకున్నాను. మంచానికి తగిలించిన చీటీ మీది పేరు కూడబలుక్కుని చదివి, ఆ పేరుతో పిలిచి, మనిషి ఔనన్నాకే రేజరు చేత పట్టుకునేదాన్ని.

ఆ రేజరు సంగతి కొంచెం చెప్పాలి. సేఫ్టీ రేజరుకు మూడు ముక్కలుంటాయి. కింద పిడి, దానిమీద పళ్ళున్న పలక, ఆపైన మూత. పలకకూ మూతకూ మధ్య బ్లేడు పెట్టి పిడి తిప్పి బిగిస్తాం. మనిషి మనిషికీ కొత్త బ్లేడు. రేజరును మాత్రం కడిగి, నీళ్ళలో మరగబెట్టి మళ్ళీ వాడతాం. సబ్బు నురుగు బాగా పట్టించాలి. ఎడమచేత్తో చర్మం లాగి పట్టుకుని వెంట్రుక వాలిన వైపుకే గీయాలి. గీసినచోటే మళ్ళీ మళ్ళీ గీయకూడదు. అంతా అయ్యాక తుడిచి దీపం కింద చూడాలి. ఎక్కడైనా గాటు పడితే సిస్టరుకు చెప్పాలి. గాటు ఉన్నచోట ఆపరేషన్ చేస్తే చీము పడుతుందని డాక్టరుగారి భయం. అలాంటి పేషెంటును వచ్చే గురువారానికి తోసేసేవారు.

నేను ఆ వార్డులో చేరిన కొత్తల్లో పాత రేజర్లు పనికిరావని కొత్తవి కొన్నారు. హెడ్ సిస్టర్ స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగింది. స్టోరు చూసే ఫార్మసిస్టు రామ్మోహనరావుగారు వేళాకోళం మనిషి. "స్టీలు రేజర్లా? ఒక్కదాని డబ్బుతో మామూలువి అరడజను వస్తయ్యి సిస్టర్. ఎవరికమ్మా, పెళ్ళికొడుక్కా?" అని నవ్వి, బజారు నుంచి చవక లోహం మీద తళుకు పూత పూసిన రేజర్లు తెప్పించారు. అద్దంలా మెరిసేవి. చేతికి బరువుగా ఉండేవి. మావైపు బరువున్న వస్తువంటే నమ్మకం. మాకూ అవి నచ్చాయి.

పత్తి తీతలు మొదలయ్యేసరికి గాట్లు పడడం మొదలైంది. కొత్త బ్లేడే, అదే సబ్బు, అదే చెయ్యి. అయినా రేజరు ఒక వైపు బాగా తెగేది, రెండో వైపు కొరికేది. బ్లేడ్లు మంచివి కావన్నారు. వేరేవి తెప్పించారు. నా చెయ్యి వణుకుతోందేమోనని ఒక స్టాఫ్ నర్సు పక్కన నిలబడి చూసింది. తనే ఒకసారి చేసి చూసింది. ఆమె చేతిలోనూ గాటు పడింది.

అలా వెనక్కి పోయినవాళ్ళలో నాగేంద్రమ్మ ఒకతె. సత్తెనపల్లి వైపు మనిషి, మిరపకోతలకు ముఠా కట్టి తీసుకుపోయే మేస్త్రి. గర్భసంచిలో గడ్డ. నెలలో సగం రోజులు రక్తం పోయేది. ఒంట్లో రక్తం లేక మొహం సున్నం కొట్టినట్టు ఉండేది. ఆపరేషనుకు తట్టుకోవాలని ఆమె తమ్ముడి రక్తం ఎక్కించి సిద్ధం చేశాక, నేను ప్రిపరేషన్ చేస్తే పొత్తికడుపు కింద గాటు పడింది. డాక్టరుగారు చూసి వద్దన్నారు.

మరుసటి వారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ రక్తస్రావం మొదలయ్యే రోజు దగ్గర పడింది. ఎక్కించిన రక్తం ఆలోపు అక్కరకు రావాలి. పైగా చేలల్లో మిరపకాయ పండింది. ఈ గురువారం కాకపోతే కోతలయ్యాకే, అంటే ఉగాది దాటాకే అని ఇంట్లో తేల్చి పంపారు. అప్పటిదాకా ఆ మనిషి నిలబడుతుందని హెడ్ సిస్టరుకు నమ్మకం లేదు.

నన్ను చూడగానే నాగేంద్రమ్మ అంది. "చిట్టెమ్మక్కా, ఈసారి గాటు పెడితే నేను ఇంటికి పోయేది లేదు. డాక్టరుగారి బల్ల మీదే చాప పరుచుకుంటా."

ఆ బుధవారం మధ్యాహ్నం నేను చేతులు కడుక్కోవడానికి వెనక పంపు దగ్గరికి వెళ్ళాను. అక్కడ కోటేశ్వరమ్మ కూర్చుని సామాను తోముతోంది. ఆమె కాంట్రాక్టు మీద చేరిన ఆయా. అంతకుముందు ఒక పెద్ద రైతు ఇంట్లో అంట్లు తోమేది. చేతిలో కొబ్బరి పీచు. పక్కన రేకు మూతలో పాత చింతపండు, ఇటుక పొడి. ఒళ్ళో మా రేజర్లు.

"ఏందే అది?" అన్నాను.

"రేపు డాక్టరుగారొస్తారు గదా. సబ్బుతో కడిగితే ఏం మెరుస్తయ్యి? ఇత్తడి చెంబులు తోమినట్టు తోముతున్నా. వారం వారం తోముతూనే ఉన్నాగా."

ఒక రేజరు విప్పి పలకను వెలుతురులో పెట్టి చూశాను. బ్లేడు కూర్చునే అంచున పూత లేచిపోయింది. లోపలి లోహం పులుపుకు గుంటలు పడి, బియ్యపు నూక అంటినట్టు గరుకుగా ఉంది. బ్లేడు పెట్టి బిగిస్తే ఒక మూల పైకి లేచింది. మిగతావీ అంతే. మా ఇళ్ళల్లో చింతపండుతో తోమనిదే ఏ లోహమూ శుభ్రమైనట్టు కాదు. పుట్టింట్లో మా అమ్మ, అత్తారింట్లో మా అత్త చెప్పింది అదే. కోటేశ్వరమ్మ చేసిందీ అదే.

రేజర్లు తీసుకెళ్ళి హెడ్ సిస్టర్ బల్ల మీద పెట్టాను. కోటేశ్వరమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. హెడ్ సిస్టర్ రేజర్లు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆవిణ్ణి అని ఏం లాభం? 'బాగా తోము' అన్నాను గాని దేంతోనో చెప్పలేదు" అంది. ఆ తర్వాత నావైపు తిరిగి, సాయంత్రానికి మంచి రేజరు కావాలంది. ఆరోజు పట్టణంలో కొట్లకు వారపు సెలవు.

ఏదో సంతకం కోసం వచ్చిన రామ్మోహనరావుగారు ఇదంతా విన్నారు. నాగేంద్రమ్మ మంచం వైపు ఒకసారి చూశారు. వెనకే ఉన్న క్వార్టర్సుకు వెళ్ళి, గుడ్డలో చుట్టిన రేజరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. స్టీలుది. పాతదే గాని పలక అంచు గాజులా నున్నగా ఉంది.

"మా మామగారు పెళ్ళిలో పెట్టిందమ్మా" అన్నారు.

"అయితే మీరొక్కరే పెళ్ళికొడుకన్నమాట" అంది హెడ్ సిస్టర్.

"అనండి, అనండి. ఇవాళ మీ రోజు" అన్నారు ఆయన.

దాన్ని విప్పి, బ్రష్షుతో సబ్బు పెట్టి కడిగి, మామూలుకంటే ఎక్కువసేపు మరగబెట్టాం. సాయంత్రం తెర కట్టి నాగేంద్రమ్మకు ప్రిపరేషన్ చేశాను. బ్లేడు రెండు వైపులా ఒకేలా నడిచింది. ఆమె ఊపిరి బిగబట్టి పైకప్పు చూస్తూ పడుకుంది. అయిపోయిందన్నా నమ్మలేదు. దీపం కింద నేను చూశాను, సిస్టర్ చూసింది. ఎక్కడా ఎర్ర చుక్క లేదు.

మర్నాడు డాక్టరుగారు థియేటర్లో వంగి చూశారు. గ్లవ్స్ అడిగారు. మాకు అది చాలు.

అదే ఉదయం రామ్మోహనరావుగారు మాసిన గడ్డంతో డ్యూటీకి వచ్చారు. కనిపించినవాళ్ళంతా "అయ్యప్ప మాల వేశారా అండీ?" అని అడగడమే. అది మాలల కాలం. ఆయన గడ్డం నిమురుకుంటూ స్టోరులోకి వెళ్ళిపోయారు. కుట్లు విప్పేలోపు ఈ సంగతి ఎలాగో నాగేంద్రమ్మ చెవిన పడింది. "స్టోరాయన గడ్డం రేజరా అక్కా నాకు గీసింది?" అని నవ్వబోయి కడుపు పట్టుకుంది. "నవ్వించబాకు అక్కా, కుట్లు లాగుతున్నయ్యి." ఆ ఏడు ఆమె కోతకు వంగలేదు. ముఠాను తమ్ముడి భార్య తోలుకుపోయింది. మరుసటి ఏడు తనే వెళ్ళింది.

ఆ రేజరు ఆయన తిరిగి తీసుకోలేదు. తర్వాతి ఇండెంటులో, అంటే స్టోరుకు కావలసినవి రాసి పంపే కాగితంలో, స్టీలు రేజర్లని తనే రాశారు. వాటిని మద్రాసు నుంచి తెప్పించారు. కోటేశ్వరమ్మకు సబ్బు తప్ప ఇంకేమీ వాడొద్దని గట్టిగా చెప్పాం. ఆమె సరేనంది. అయినా బుధవారాలు ఎప్పుడైనా పంపు దగ్గర చింతపండు వాసన వచ్చేది. స్టీలు మీద సన్నటి గీతలు పడ్డాయి గాని బ్లేడు మాత్రం కదలలేదు. నేను రిటైరయ్యే రోజుకు అవే వాడుతున్నారు. ఆ తర్వాత ఆసుపత్రుల్లో ఈ పనికి రేజరే వద్దని, వెంట్రుకలు కత్తిరించే మెషీన్లు వచ్చాయని విన్నాను. అది ఇంకా మంచిది.

స్టీలు రేజరుకు అంత డబ్బు పెట్టవచ్చా అని మా ఇంట్లో మగపిల్లలు నన్ను అడుగుతుంటారు. ఒక్క మనిషి వాడుకుని, తడి తుడిచి పెట్టుకునేటట్టయితే పూత రేజరు చాలు. బ్లేడు కొత్తదైతే గడ్డానికి రెండింటికీ తేడా తెలియదు. పదిమంది చేతుల్లో నలిగేది, రోజూ మరిగేది అయితే స్టీలే కొనాలి. వస్తువు కొనేటప్పుడు ధర అడుగుతాం, ఎన్నాళ్ళు వస్తుందని అడుగుతాం. దాన్ని తోమేది ఎవరు, దేంతో తోముతారు అని కూడా అడగాలి. మా వార్డులో ఆ మాట ముందే అడిగి ఉంటే నాగేంద్రమ్మ ఆపరేషన్ మొదటి గురువారమే అయ్యేది.