చేతివాటం

నిన్న శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, కోటు వేసుకున్న మేజిక్ అతను ఓ పాప చెవిలోంచి రూపాయి తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మామిడిపల్లి దోస్తులారా, మా మేనత్త యాదమ్మ గుర్తుందా? తొంభైల్లో మన చెవుల్లోంచి, జడల్లోంచి అర్ధరూపాయి ఆఠాణా బిళ్లలు తీసింది ఆమే కదా! ఉల్లిగడ్డ వాసన కొట్టే ఆ వేళ్లు మీకూ గుర్తుండాలి. "మాయం జేసుడు గొప్ప గాదు బిడ్డా, మల్ల తెచ్చియ్యాలె," అనేది.

పక్కింటి పెళ్లిలో అత్త కూడా నలుగు పెడుతుండగా పెళ్లికూతురి ఉంగరం కనబడలేదు. "మా అత్త ఏదన్న మాయం జేస్తది!" అన్నాను గొప్పగా. అప్పుడు నాకు ఏడేళ్లు. పెళ్లికూతురి తల్లి వెంటనే అందుకుంది: "ఇన్నరా? దీనికి చేతివాటం ఉన్నదని ఇంట్ల పొల్లనే చెప్తున్నది!"

అందరి ముందూ అత్త కొంగు దులిపించారు. రాలింది మన ఆఠాణా బిళ్ల ఒక్కటే. మీ అమ్మలూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

సాయంత్రానికి ఉంగరం నలుగుపిండి గిన్నెలోనే దొరికింది. "దొరికింది తియ్," అని నవ్వేసి బంతికి కూర్చున్నారు. అత్త మళ్లీ బిళ్ల ముట్టలేదు.

మన ఊరి వాట్సాప్ గ్రూపులో "ఆ రోజులే వేరు" అని రాసుకుంటున్నారు కదా! అత్త మాయం చేసిన ప్రతి బిళ్లనూ తిరిగి తెచ్చి మన చేతిలో పెట్టింది. ఆ రోజు మనం, నాతో సహా, మాయం చేసిన ఆమె పరువు ఎవరు తెచ్చిస్తారు? చెప్పండి.