సిలిండర్ మీద పెట్టిన రాయి

మా గూడెంలో నాకో పేరుంది: కత్తుల గ్యాంగుతో కొట్లాడిన బొజ్జయ్య. పెళ్లిళ్లకు కొత్త చుట్టాలు వస్తే నన్ను చూపించి ఆ పేరే చెబుతారు. నేను కాదనను, తల వంచుకుంటాను. వాళ్లు దాన్ని అణకువ అనుకుంటారు. అది సిగ్గు. ఆ గ్యాంగులో ఒక్కడిని కూడా నేను చూడలేదు. అసలు ఆ గ్యాంగు పుట్టిందే నా నోట్లోంచి. పుట్టి ఊరుకోక, హైదరాబాదులో ఒక సందుకు సందునే ముంచి, సైదమ్మ అనే ఒక మంచి మనిషి బతుకుదెరువు తీసేసింది. ఆమె ముందు నిలబడి ఈ మాట చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మాది ములకలపల్లి మండలంలో అడవి అంచున ముప్పై ఇళ్ల కోయ గూడెం. కొంచెం పోడు, ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు, మిగతా రోజుల్లో కూలి. నా చదువు ఏడో తరగతిలో ఆగింది. అది నన్ను వదిలిందో, నేను దాన్ని వదిలానో ఇప్పటికీ తేలలేదు. నలభై ఏళ్లు దాటాక ఒకసారి కొత్తగూడెం బస్టాండులో ‘సెక్యూరిటీ గార్డులు కావలెను’ అన్న కాగితం చూసి లోపలికి వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. చూడడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు, నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు.

"దొంగొస్తే ఏం జేస్తవ్?" అని అడిగాడు.

"మా దిక్కు దొంగలుండరు సార్," అన్నాను.

ఆయన పడీపడీ నవ్వి ఉద్యోగం ఇచ్చాడు. ఇచ్చిన యూనిఫాం ఆరడుగుల మనిషిది. టోపీ చెవుల మీద ఆగేది. ఆ వేషంలో ఫొటో దిగి ఇంటికి పంపితే మా ఆవిడ దుర్గ ఫోన్ చేసింది.

"నిన్ను జూసి దొంగ ఉరకడయ్యా. పాపమని ఏమన్న ఇచ్చి పోతడు," అంది.

నన్ను వేసింది మాదాపూర్ వెనక ఒక సందులో, ఫర్నిచర్ షోరూం ముందు. పగలు ఆ సందులో కుక్కలు నిద్రపోయేవి. చీకటి పడితే తిరునాళ్లే. పద్నాలుగు బండ్లు వచ్చేవి. దోశెలు, నూడుల్స్, జ్యూసులు, పాన్ డబ్బా, మల్లెపూలమ్మే ముసలామె. ఆఫీసుల నుంచి పిల్లలు మెడలో కార్డులతో దిగి, అర్ధరాత్రి దాకా నిలబడి తింటూ నవ్వుకునేవాళ్లు. అప్పుడప్పుడూ ఒక ఫోను పోయేది, ఎవరిదో గొలుసు తెగేది. రెండు రోజులు చెప్పుకుని మరిచిపోయేవాళ్లు. షోరూం గోడకు ఒక కెమెరా ఉండేది గానీ దానికి వైరు లేదు. అది కూడా నాలాంటిదే, చూడడానికి మాత్రమే.

సైదమ్మది జొన్నరొట్టెల బండి. ఆమెది తిరుమలాయపాలెం. నా మాట యాసకే పోల్చుకుని, "మనది ఒక్క దిక్కే గద తమ్మీ" అని మొదటిరోజే రెండు రొట్టెలు, ఎర్రకారం పెట్టింది. ఆ తర్వాత నేను రాత్రిపూట పస్తు పడుకున్న రోజు లేదు. ఆమె పెనం ఆమె తల్లిది. నల్లగా, మధ్యలో కొంచెం గుంటపడి ఉండేది. దాని మీద రొట్టె అంటుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఒకసారి నేను నా సద్దిడబ్బాను మెట్ల మీద పెట్టి, దాని మీద ఒక రాయి, ఆకులున్న చిన్న కొమ్మ పెట్టి గేటు వేయడానికి వెళ్లడం ఆమె చూసింది.

"గదేం పూజ?" అని అడిగింది.

నేను చెప్పాను. మా అడవిలో కట్టెలు కొట్టినా, ఇప్పపువ్వు ఏరినా, ఒక్కసారే మోయలేము కదా. కుప్ప చేసి, దాని మీద ఒక రాయి, పచ్చి కొమ్మ పెట్టి ఇంటికి పోతాం. ఇది ఒకరిది అని గుర్తు. మూడు రోజులైనా ఎవరూ ముట్టుకోరు. 

సైదమ్మ నడుం పట్టుకుని నవ్వింది. "మా దిక్కు చేన్ల కంకిమీద పేరు రాసిపెట్టినా ఉండది తమ్మీ! ఇది పట్నం. జర పైలం," అంది.

ఆమె చెప్పింది. నేను విన్నాను. విన్నది చెవిలోనే ఉంచుకున్నాను, బుర్రదాకా పోనివ్వలేదు.

వినాయక నవరాత్రులు. రాత్రి పదకొండు కావస్తోంది. సైదమ్మకు జొన్నపిండి అయిపోయింది. "రూంకాడికి పోయి తెస్త. బండి జర చూడు తమ్మీ," అని వెళ్లింది. సరిగ్గా అప్పుడే రెండు సందుల అవతల మండపం మైకులో పులిహోర ప్రసాదం పంచుతున్నామని చెప్పారు. నాకు పులిహోర మీద భక్తి ఎక్కువ. అయినా డ్యూటీ మరవలేదు. ఫుట్‌పాత్ దగ్గర ఒక రాయి ఏరుకుని, కానుగ కొమ్మ విరిచి, రెండూ సిలిండర్ మీద పద్ధతిగా పెట్టి వెళ్లాను. ఇంక దేవుడు కూడా ముట్టుకోడన్న ధైర్యంతో లైన్లో రెండుసార్లు నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి సిలిండర్ లేదు, స్టవ్వు లేదు, పెనం లేదు. నా రాయి, దాని మీద నా కొమ్మ మాత్రం రోడ్డు పక్కన జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి. దొంగ మర్యాదస్తుడే. నాది నాకు వదిలేసి, సైదమ్మది తీసుకుపోయాడు.

సైదమ్మ పిండి సంచితో వచ్చి ఖాళీ బండిని చూసింది. అరవలేదు. "పెనం గూడనా? అది మా అమ్మది తమ్మీ," అని మాత్రం అంది. ఇంతలో గస్తీ కానిస్టేబుల్ బైకు ఆపాడు. జనం మూగారు.

"నువ్వేం జేస్తున్నవ్‌రా ఇక్కడ?" అన్నాడు నన్ను చూసి.

చేతిలో పులిహోర దొప్ప వెనక్కి దాచుకున్నాను. సిలిండర్ మీద రాయి పెట్టి ప్రసాదానికి పోయాను సార్ అని చెప్పాలంటే నోరు రాలేదు. అంతమంది నవ్వుతారు. అడవిలోంచి వచ్చాడు, తెలివిలేనివాడు అంటారు. ఆ నవ్వుకు భయపడి నోరు తెరిచాను.

"ముగ్గురు వచ్చిన్రు సార్. కాదు, నలుగురు. మొఖాలకు గుడ్డలు కట్టుకున్నరు. కత్తులు సూపెట్టిన్రు. నేను అడ్డం పోయిన."

ఆ రాత్రి నలుగురే. తెల్లారేసరికి ఫోన్లలో ఎనిమిదిమంది అయ్యారు. మధ్యాహ్నానికి వాళ్లకో వ్యాను వచ్చింది. సాయంత్రానికి వేరే రాష్ట్రం నుంచి దిగిన ముఠా అయింది. నేను పుట్టించినవాళ్లే గానీ, పెరిగిన తీరు చూస్తే నాకే భయమేసింది. నేను పడుకునే సెల్లార్ తాళం రెండుసార్లు లాగి చూసుకునేవాణ్ణి.

హాస్టళ్లలో ఉండే ఆ ఆఫీసు పిల్లల తల్లిదండ్రులు ఊళ్ల నుంచి ఫోన్లు చేశారు, రాత్రిపూట ఆ సందు వైపు పోవద్దని. పిల్లలు గదుల్లోనే కూర్చుని ఫోన్లో ఆర్డర్లు పెట్టుకున్నారు. పోలీసులు పదింటికే సైరన్ వేసుకుంటూ వచ్చి బండ్లు మూయించడం మొదలుపెట్టారు. ఆ సందులో గిరాకీ జోరందుకునేదే పదింటికి. ముందు మల్లెపూల ముసలామె మానేసింది. తర్వాత జ్యూసు బండి, నూడుల్స్ బండి. దసరా నాటికి పద్నాలుగింటిలో మూడు మిగిలాయి. నిజంగా పోయింది ఒక సిలిండర్, ఒక స్టవ్వు, ఒక పెనం. పదకొండు బండ్లను ఏ దొంగా ఎత్తుకుపోలేడు, దానికి నాలాంటి కాపలాదారుడే కావాలి.

సైదమ్మ నాలుగు రోజులకే ఇంకో సిలిండర్, కొత్త పెనం తెచ్చుకుని మళ్లీ రొట్టెలు కొట్టింది. తినేవాళ్లు లేరు. అయినా రోజూ నాకు రొట్టె పెట్టి, నా మొహంలోకి చూసి అడిగేది.

"ఇంకేమన్న యాదికొచ్చిందా తమ్మీ?"

నేను రొట్టె నములుతూ యాది చేసుకునేవాణ్ణి. "ఒకనికి గడ్డం ఉండె అక్కా," అన్నాను ఒకరోజు. "ఒకడు కుంటిండు," అన్నాను మరునాడు. ఆమె ఊ కొట్టి పెనం వైపు తిరిగేది. పది రోజులు అడిగింది. పదకొండో రోజు బండి రాలేదు. ఊరికి పోయిందని పాన్ డబ్బా ఆయన చెప్పాడు.

షోరూం ఓనరు కెమెరాకు వైరు పెట్టించాడు. దానికి జీతం, టీ అక్కర్లేదు కాబట్టి నన్ను తీసేశాడు. నేను గూడేనికి వచ్చాను. నాకంటే ముందే నా కథ వచ్చింది.

మొన్న ఇప్పపువ్వు కాలంలో జరిగింది చెబుతాను. దుర్గ, నేను తెల్లారుజామున పోయి మా చెట్టు కింద పువ్వు ఏరి కుప్ప చేశాం. నేను అలవాటుగా రాయి కోసం వెతుకుతుంటే దుర్గ గంపకెత్తడం మొదలుపెట్టింది.

"రాయి పెట్టి పోదాం. మళ్లొచ్చి మోసుకుందాం," అన్నాను.

"ఏ రాయి? నీ కత్తులోళ్లు ఇటు రారని ఏం నమ్మకం?" అంది. నవ్వులాటకు అనలేదు.

చుట్టూ చూశాను. ఎవరి కుప్ప మీదా రాయి లేదు. మా వరసలో పెద్దవాడు సమ్మయ్య తాత, నడుం వంగిపోయిన మనిషి, తన కుప్ప పక్కన ఎండలో కాపలా కూర్చున్నాడు.

"మా తాతల కాడినుంచి రాయే కాసింది బిడ్డా. ఇప్పుడు నేను కాస్తున్న. నీ కథ విన్నంక భయమైతుంది," అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. నేనే ఆ రాయిని నమ్మి మోసపోయాననుకున్నాను ఇన్నాళ్లు. ఇప్పుడు ముప్పై ఇళ్లవాళ్లు ఒకరినొకరు నమ్మకుండా చేసింది కూడా నేనే. ముందు సైదమ్మకు చెబితేగానీ ఇక్కడ నోరు తెరవలేననిపించింది. మరునాడు కొత్తగూడెం, ఖమ్మం మీదుగా తిరుమలాయపాలెం వెళ్లే బస్సులు పట్టుకున్నాను.

సైదమ్మను వెతకనక్కర్లేకపోయింది. బస్సు ఆగేచోటే బండి పెట్టుకుంది. సాయంత్రం నాలుగు దాటింది. జుట్టు నెరిసింది. నన్ను చూసి రొట్టె వేసింది. అది పెనానికి అంటుకుంది. అట్లకర్రతో గీకి తీసి, చిరిగిన రొట్టె నా చేతిలో పెట్టింది.

నేను తినలేదు. "అక్కా, నీకొకటి చెప్పాలె. ఆ రోజు..."

"తిను ముందుగాల."

"కాదక్కా. ఎవ్వరు రాలే. కత్తులు లేవు. నేను పులిహోరకు పోయిన. సిలిండర్ మీద..."

"రాయి పెట్టి పోయినవ్," అంది సైదమ్మ.

ఆమె అట్లకర్రతో బండి చక్రం వైపు చూపించింది. చక్రం కదలకుండా కింద ఒక రాయి పెట్టి ఉంది. రాళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయంటారు గానీ, నేను ఏరుకున్న రాయి నాకు తెలియదా.

"పిండి తీస్కొని వచ్చినప్పుడే జూసిన. నలుగురు కత్తులు పట్టుకొని వచ్చిన్రంటవు, నీ రాయి మీది కొమ్మ గూడ కిందపడలే. కానిస్టేబుల్‌కు కనిపిస్తదని నేనే సంచిల ఏసుకున్న."

"మరి అప్పుడే ఎందుకు తిట్టలేదక్కా?"

"నలుగురి ముంగట తిడితే నీ నౌకరి పోతుండె. నాకొక్కదానికి చెప్తవని జూసిన. పద్దినాలు అడిగిన. నువ్వు ఒకనికి గడ్డం పెట్టినవ్, ఒకని కాలు ఇరగ్గొట్టినవ్." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "గిరాకీ పోతే ఇంకో సందు జూసుకుంటుంటి తమ్మీ. దొంగలకు భయపడి ఊరికి రాలే నేను. నా చేతి రొట్టె తింటా నా మొఖం మీదనే అబద్ధం చెప్పవడితివి. ఆ పట్నంల నాకు ఇంకెవరున్నరు?"

నేను ఏడ్చాను. నలభై ఆరేళ్ల మనిషిని, బస్టాపులో, చేతిలో చిరిగిన రొట్టెతో. ఇద్దరు కాలేజీ పిల్లలు కారం ఎక్కువైందేమోనని నాకు మంచినీళ్లు ఇచ్చారు.

"మీ గూడెంల చెప్పినవా?" అని అడిగింది కాసేపటికి.

"లే అక్కా. నవ్వుతరు."

"నవ్వనియ్యి. నవ్వితే ఎవరి బండీ బంద్ గాదు."

ఆమె బిందె మూత తీసి చూసింది. నీళ్లు అడుగంటాయి. పోయి తెచ్చుకోవాలంటే స్కూలు వెనక బోరింగు దాకా నడవాలి. బిందె చంకకెత్తుకుని రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

"బండి జర చూడు తమ్మీ," అంది.

నేను లేచి, సిలిండర్‌ను ఆనుకుని నిలబడ్డాను. మధ్యాహ్నం ఖమ్మంలో తాగిన టీ అప్పుడే తన సంగతి గుర్తుచేసింది. పదడుగుల్లోనే తుమ్మచెట్టు చాటు ఉంది. కదల్లేదు. ఖమ్మం బస్సు వచ్చింది, కండక్టర్ ఎక్కమని కేకేశాడు. కదల్లేదు. అది దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. సైదమ్మ నిండు బిందెతో మెల్లగా తిరిగి వస్తూ, దూరం నుంచే బండిని కాకుండా నన్ను చూసింది.