ఇన్ని దినాలు ఏం చేసిందట

హైదరాబాద్ అశోక్ నగర్‌లోని మా లేడీస్ హాస్టల్‌లో పొద్దున్నే డాబా మీద పేపర్ చదవడం ఒక నియమం. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు విని వాదించాలి. గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యేవాళ్లం కదా, ప్రతి వార్తా మాకు ఒక ప్రశ్నే. తప్పు జవాబులు కొట్టేస్తూ పోవడం ఎంత అలవాటైందంటే, మనుషుల మాటలను కూడా అలాగే కొట్టేసేవాళ్లం.

ఆ వారమంతా ఒకే వార్త. ఒక ఉద్యోగిని తన పైఅధికారి మీద అత్యాచారం కేసు పెట్టింది, అది జరిగిన చాలా నెలలకు. మావాళ్లకు ఇక పండగే.

"అరవలేదంట."

"మల్ల తెల్లారి డ్యూటీకి పోయిందంట!"

అందరికంటే గట్టి గొంతు నా రూమ్‌లో ఉండే సీనియర్ అక్కది. "ఇన్ని దినాలు ఏం చేసిందట? అంతా ప్రమోషన్ కోసమే," అంది.

నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. డిగ్రీ అయ్యి ఇంటి దగ్గరున్న రోజుల్లో మా దూరపు చుట్టం ఒకడు నా మీద అదే అఘాయిత్యం చేశాడు. నేనూ అరవలేదు. తెల్లారి అమ్మ చెబితే వాడికి చాయ్ కూడా ఇచ్చాను. ఎప్పటికైనా చెబితే ఈ అక్కకే చెప్పాలనుకున్నాను. నాకు జ్వరమొస్తే నారాయణగూడ ఆసుపత్రికి తీసుకుపోయి, పక్కనే కూర్చున్న మనిషి. ఆమే ఇలా అంటే ఇంకెవరికి చెప్పను? పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క ఎక్కేది కాదు.

ఆదివారం చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయలు కొని వస్తుంటే అక్క మళ్లీ ఆ ముచ్చటే ఎత్తింది. "నాకైతే అబద్ధమే అనిపిస్తుంది."

ఇక నావల్ల కాలేదు. సంచి రోడ్డు మీదే పెట్టేశాను. "నేను కూడా ఎవ్వరికీ చెప్పలే అక్కా. తెల్లారి వానికి చాయ్ కూడా ఇచ్చిన. నాది కూడా అబద్ధమేనా?"

అక్క నడక ఆపేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు చెప్పలేదు అని అడుగుతుందనుకున్నాను. ఏమీ అడగలేదు. సంచి తీసుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"నోటికొచ్చినట్టు మాట్లాడిన, మాఫ్ చెయ్యి. నువ్వు చెప్తే వింట. చెప్పకున్నా నమ్ముత."

ఆటోలవాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు. నేను సిగ్గు లేకుండా భోరుమన్నాను. ఏడిస్తే అంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. హాస్టల్‌కు వచ్చాక అన్నం మళ్లీ మళ్లీ పెట్టించుకుని తిన్నాను.

సాయంత్రం అక్కను పక్కన కూర్చోబెట్టుకుని అమ్మకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"మొన్న కూడా వాడు మనింట్ల తిని పోయిండు బిడ్డా," అంది అమ్మ ఏడుస్తూ. "ఇంక మన గడప తొక్కనియ్య. నువ్వు రా."

పరీక్షలున్నాయని సాకు చెప్పి నేను ఎన్నాళ్లుగానో ఇంటికి పోవడం మానేశాను. ఆ శనివారం పోయి, అమ్మ పక్కన పడుకుని, పొద్దెక్కేదాకా నిద్రపోయాను.